ఐరన్ లెగ్ ఏ వైపు కూర్చోవాలి

లాండ్రీలో స్టీమ్ ప్రెస్ తొక్కే ఆ మనిషికి కుడి పిక్క ఎడమ పిక్కకంటే లావు. ప్యాంటు కుట్టించుకోవడానికి వెళ్తే టైలరు రెండు కాళ్ళకీ వేరువేరుగా కొలతలు తీసుకుని, "ఈ రెండూ ఒక్కరివేనా?" అని ప్రతిసారీ అదే జోకు వేసేవాడు. మనవాడు ప్రతిసారీ నవ్వేవాడు. ఎవరేమన్నా ముందు నవ్వేసి, ఆ మాట తనకెక్కడ గుచ్చుకుందో తర్వాత తీరిగ్గా వెతుక్కునే రకం. ఇలాంటివాళ్ళు ఒకరిద్దరు దగ్గర్లో ఉంటేనే మిగతావాళ్ళకి పొద్దుపోతుంది.

ఆ కాలు అలా తయారవడానికి కారణం ఆ ప్రెస్సే. దుకాణం వెనక గదిలో గోడకి ఆనించి ఉంటుంది. కింద మెత్త పరిచిన బల్ల, పైన ఇనప మూత. ప్యాంటు బల్ల మీద పరిచి, మడతకి మడత కలిపి, కింద పెడల్ తొక్కితే మూత వచ్చి బల్లని కరుచుకుంటుంది. బుస్సుమని ఆవిరి లేస్తుంది. కాలు తొందరపడి తీస్తే మడత నిలవదు, ఆలస్యంగా తీస్తే బట్ట నిగనిగలాడిపోయి పాడవుతుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడ తీయాలో మనవాడి కాలికి తెలుసు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా ఆ కాలు పెడల్ మీదే.

దుకాణం యజమానురాలు నోరున్న మనిషి. ఒకసారి ఏదో హోటలు వాళ్ళ యూనిఫారాలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. మిగతా పనివాళ్ళు నడుం పట్టుకుని కూలబడ్డా మనవాడు మాత్రం తొక్కుతూనే ఉన్నాడు. "అది కాలా, ఇనుమా? ఐరన్ చేసీ చేసీ ఐరన్ లెగ్ అయిపోయింది నీది!" అని ఆవిడ మెచ్చుకుంది. ఐరన్ లెగ్ అంటే బయట జనం ఏమనుకుంటారో ఆవిడకి తెలియక కాదు. అడుగుపెట్టిన చోటల్లా నాశనం చేసేవాణ్ణి అలా అంటారని పసిపిల్లలకీ తెలుసు. అయినా ఆ ఆవిరి గదిలో ఆ మాటకి ఆ మకిలి అంటలేదు. "ఐరన్ లెగ్, ఆ కోటు అయిందా?" అని ఒకరంటే, "ఐరన్ లెగ్, టీ తాగుదాం రా" అని ఇంకొకరనేవారు. ఇంట్లో ఎవరూ ఎన్నడూ మెచ్చుకోని కాలు అది. మనవాడికి ఆ పేరు నచ్చింది, పైకి చెప్పలేదు గానీ.

పేరు ఆ గది గడప దాటకపోయి ఉంటే ఈ కథే లేదు. దాటించినవాడు బావమరిది.

ఈ బావమరిది సెల్‌ఫోన్ల దుకాణంలో కౌంటర్ చూసుకుంటాడు. నలుగురి మధ్యా ఉంటే తప్ప ఊపిరాడని మనిషి, ఆ నలుగుర్నీ నవ్వించడానికి అయిదోవాణ్ణి ఎవర్నో ఒకణ్ణి బలిపెట్టే మనిషి. ఒకరోజు తన కోటు తీసుకెళ్ళడానికి లాండ్రీకి వచ్చి, లోపల్నుంచి ఎవరో "ఐరన్ లెగ్!" అని పిలవడమూ, తన బావ "ఆఁ" అని పలకడమూ విన్నాడు. అంతే, నవ్వీ నవ్వీ కౌంటర్ పట్టుకుని కింద కూర్చున్నాడు. మనవాడు కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో మాత్రం తెలియలేదు.

వీళ్ళిద్దరూ ఆటరోజున ఒకచోటే ఉండేవారు. ఊరి ఫుట్‌బాల్ జట్టుకి నీలం రంగు. ఆ జట్టు మైదానంలో ఒక గోల్‌పోస్టు వెనక సిమెంటు మెట్లున్నాయి. అక్కడ ఇనప కమ్మీ పక్కన మనవాడికో చోటు ఉంది. ఆ కమ్మీ మీద నీలం రంగు చాలావరకు మనవాడి అరచేతుల కిందే పోయింది. ఇంట్లో కూర బాగాలేదని చెప్పడానికి నోరు రానివాడు, దుకాణంలో సెలవడగడానికి నీళ్ళు నమిలేవాడు, ఆ కమ్మీ పట్టుకున్నాడంటే ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడో అంత గొంతూ బయటికి తీసేవాడు. రిఫరీని కడిగేసేవాడు. గోల్ కాసే గోలీకి కాళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు. పక్కవాళ్ళు తిరిగి చూసి, "బాగా చెప్పావు" అనేవారు. ఆ చోటు తప్ప ప్రపంచంలో మరెక్కడా మనవాడితో ఎవరూ ఆ మాట అనలేదు.

ఆ ఏడు జట్టు చెడింది. అమ్మేసిన ఆటగాళ్ళు మంచివాళ్ళు, కొన్న ఆటగాళ్ళు చెడ్డవాళ్ళు, కోచ్ ఎప్పుడూ జలుబు చేసినవాడిలా ముక్కు తుడుచుకుంటూ నిలబడేవాడు. పట్టికలో అట్టడుగున మిగిలిన జట్లు ఏడాది చివర కింది డివిజన్‌కి దిగిపోతాయి. ఆ కిందికి ఒకసారి జారితే మళ్ళీ పైకి రాలేక అక్కడే అణగారిపోయిన జట్లు ఎన్నో. నీలం జట్టు మెల్లిగా అటే జారుతోంది. ఓడిపోయిన ఒక సాయంత్రం మెట్ల మీద అందరూ ముఖాలు మాడ్చుకుని కూర్చుంటే, బావమరిది ఆ మౌనం భరించలేకపోయాడు.

"మీకో రహస్యం చెప్పనా? మా బావని పనిలో ఏమని పిలుస్తారో తెలుసా?"

చెప్పాడు. పగలబడి నవ్వారు. ఏడుపు మింగుకుంటున్నవాళ్ళకి నవ్వడానికి ఏదో ఒకటి దొరికింది. బస్సు నడిపే డ్రైవరైతే కళ్ళనీళ్ళు తుడుచుకుని, "అయ్యో అన్నా, ముందే చెప్పకపోయావా? నిన్ను ఆ పక్క ఊరికి బదిలీ చేయించేవాళ్ళం కదా!" అన్నాడు. మనవాడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

నవ్వులాట నిజమవడానికి ఎంతోకాలం పట్టలేదు. మనవాడికి జ్వరమొచ్చి ఒక ఆటకి వెళ్ళలేకపోయాడు. ఆ ఆట నీలం జట్టు గెలిచింది. కోలుకుని వెళ్ళాడు, ఓడిపోయింది. ఇక అదే మెట్ల మీద కూర్చునే మందుల షాపాయన రంగంలోకి దిగాడు. ఈయన సైన్సు చదువుకున్నవాడు, ఏ సంగతైనా శాస్త్రీయంగా తప్ప మాట్లాడడు. "ఒకసారి జరిగితే కాకతాళీయం అంటారు. పరీక్షించి చూడందే తేల్చకూడదు" అన్నాడు గంభీరంగా. పరీక్ష ఏమిటంటే, తర్వాతి ఆటలో మనవాడు లేచి మెట్ల కింద ఉన్న మరుగుదొడ్లకి వెళ్ళిరావాలి. వెళ్ళాడు. ఫినాయిల్ కంపులో నిలబడి ఉండగా పైన సిమెంటు దద్దరిల్లింది. గోల్! మనవాడు ప్యాంటు సరిగా బిగించుకోకుండానే మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. ఎవర్నైనా కావలించుకుందామని చేతులు చాచాడు.

"రాకు బావా! రాకు! అక్కడే ఉండు!" అని పై నుంచి బావమరిది కేకలు.

మిగతా ఆటంతా మనవాడు మరుగుదొడ్డి గోడకి ఆనుకుని, పైన కాళ్ళ చప్పుడు వింటూ గడిపాడు. ఇది తప్పని అక్కడ ఒక్కరికైనా అనిపించి ఉండవచ్చు. అనిపించినవాళ్ళెవరూ మెట్లు దిగి రాలేదు.

మనవాడికి కోపం వచ్చింది. వచ్చిన కోపం ఇంటికి చేరేలోపే చల్లారింది, ఎందుకంటే తను కూడా సగం నమ్మాడు. మర్నాడు ప్రెస్ తొక్కుతూ కిందికి వంగి తన కాలిని అనుమానంగా చూసుకున్నాడు. ఇంతకాలం తనతోనే తిరిగిన కాలు తనకి తెలియకుండా ఎవరి కొంపలు కూల్చిందో అన్నట్టు.

సొంత మైదానంలో ఆఖరి ఆట దగ్గరపడింది. ఓడితే దిగిపోవడం ఖాయం. గెలిస్తే, చివర్న ఎర్ర జట్టు ఊళ్ళో జరిగే ఆటదాకా ఆశ ఉంటుంది. ఆ వారం సెలవునాడు ముగ్గురూ మనవాడి ఇంటికొచ్చారు. బావమరిది, డ్రైవరు, మందుల షాపాయన. ముగ్గురూ చెప్పులు విప్పి, పరామర్శకి వచ్చినవాళ్ళలా వరసగా కూర్చున్నారు.

"బావా, నీది పెద్ద మనసు" అని మొదలుపెట్టాడు బావమరిది. 

"మేమందరం నీ కాళ్ళు పట్టుకుంటాం అన్నా," అన్నాడు డ్రైవరు. "ఆ కుడికాలు తప్ప." ఆ మాటకి తనే ముందు నవ్వాడు.

"ఇందులో మీ మీద ద్వేషమేం లేదు" అన్నాడు మందుల షాపాయన. "ఫలితాలు మీరే చూశారు. ఒక్క ఆటకి దూరంగా ఉండండి. జట్టు మీద ప్రేమ ఉంటే ఉండగలరు."

మనవాడు భార్య వైపు చూశాడు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆట గురించి మనవాడు చెప్పబోయినప్పుడల్లా, "మీ బంతి గోల నాకొద్దు" అని గిన్నెలు సర్దుకునేది. ఇప్పుడు మాత్రం తమ్ముడి పక్షం పట్టింది.

"ఒక్క ఆటకి మీరు వెళ్ళకపోతే కొంపలేం మునిగిపోవు. వెళ్తేనే మునిగేట్టుంది. వాళ్ళంతా పనులు మానుకుని వచ్చి బతిమాలుతున్నారు, అలా బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటారేమిటి?"

"మరి నా చోటు?" అన్నాడు మనవాడు చివరికి. "ఖాళీగా ఉంచుతారా?"

"ఖాళీగా ఎందుకు బావా? అక్క వస్తుంది" అన్నాడు బావమరిది. "అక్క ఏ ఇంట్లో అడుగుపెడితే ఆ ఇల్లు కళకళలాడుతుంది."

ఆవిడ అడుగుపెట్టిన ఇల్లు తనదే కదా, అది ఎప్పుడు కళకళలాడిందని మనవాడు ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆలోచన తెగేలోపే తన ఏడాది పాసు బావమరిది జేబులోకి వెళ్ళిపోయింది. వాళ్ళని సాగనంపి వచ్చి భార్య అంది: "ఆ నీలం కోటు కాస్త మీ షాపులో ఇస్త్రీ చేసి పట్రండి. ఆ రోజుకి వేసుకుంటాను."

మనవాడు చేసి తెచ్చాడు. కాలరు దగ్గర ముడత ఒకటి మొండికేస్తే ఇంకోసారి తొక్కి మరీ తెచ్చాడు.

ఆటరోజున దుకాణంలోనే కూర్చుంటానని మాటిచ్చాడు. కూర్చున్నాడు కూడా. యజమానురాలు తాళాలిచ్చి ఇంటికెళ్ళింది. వీధిలో నీలం మఫ్లర్లు గుంపులు గుంపులుగా మైదానం వైపు వెళ్తుంటే, గాజు తలుపు వెనక నిలబడి చూశాడు. వెళ్ళేవాళ్ళు పలచబడేకొద్దీ మనవాడికి కాలు నిలవలేదు. దూరంగా ఒక్కసారి హోరు లేచింది. ఆటగాళ్ళు మైదానంలోకి దిగారన్నమాట. మనవాడు తాళం వేసి బయల్దేరాడు. మెట్ల మీదికి వద్దు, ఏదో మూల, ఎవరికీ కనపడకుండా నిలబడితే చాలనుకున్నాడు.

గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు ఐరన్ లెగ్ కదూ? మీ బావమరిది మనవైపు గేట్లన్నిట్లో చెప్పిపెట్టాడు. ఇవాళ నిన్ను రానిస్తే నా పీక పిసుకుతారు."

వీధులు తిరిగి మళ్ళీ దుకాణానికే వచ్చాడు. వెనక గదిలో, ఎవరో ఉతకడానికిచ్చి మరిచిపోయిన బట్టల మధ్య ఒక నారింజ రంగు స్వెట్టరు వేలాడుతోంది. ఆ రోజు వచ్చిన జట్టుది నారింజ రంగే. మనవాడు దాన్ని చాలాసేపు చూశాడు. ఆ రంగు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయన్నంత అసహ్యం. కళ్ళు మూసుకుని తలదూర్చాడు.

బయటి ఊరి అభిమానులకి ఎదురు చివర వేరే గేటుంది. అక్కడ ఐరన్ లెగ్ ఎవరో ఎవరికీ తెలియదు. టికెట్టు కొనుక్కుని, నారింజ రంగు గుంపులో దూరి కూర్చున్నాడు. ఒక పెద్దావిడ పక్కకి జరిగి చోటిచ్చింది. "ఆలస్యమైందేం నాయనా? రా, కూర్చో" అని ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. సొంత మెట్ల మీద తనకోసం ఎవరైనా జరిగి ఎన్నాళ్ళయిందో మనవాడికి గుర్తురాలేదు.

మైదానానికి ఆ చివర, ఇనప కమ్మీ పక్కన, ఒక నీలం చుక్క ఎగురుతోంది. కోటుని బట్టి గుర్తుపట్టాడు. భార్యే.

ఆట రెండో సగంలో నీలం జట్టుకి కార్నర్ దొరికింది, సరిగ్గా మనవాడి కళ్ళముందు. జట్టులో అందరికంటే పొడుగ్గా ఉండే ఆటగాడు, అందరూ పొడుగోడంటారు, గోల్‌కి వీపు పెట్టి, తన చొక్కా లాగినవాడితో వాదులాటకి దిగాడు. బంతి వచ్చిందని కూడా వాడికి తెలియదు. అది వచ్చి వాడి తల వెనక ఠప్పున తగిలి, వంకరగా ఎగిరి, గోలీ చేతుల మీదుగా వలలో పడింది. ఎవడు కొట్టాడో అని పొడుగోడు వెనక్కి తిరిగి చూశాడు. చూసేసరికి తనవాళ్ళంతా తన మీద గుట్టగా పడ్డారు.

మనవాడు స్వెట్టరు చెయ్యి నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. పెద్దావిడ వీపు నిమిరింది. "ఊరుకో నాయనా. మనకిది పోతే వచ్చే నష్టమేం లేదు, పట్టిక మధ్యలో చల్లగా కూర్చున్నాం. పాపం, వాళ్ళే మునిగిపోయేవాళ్ళు. పోనీ బతకనీ." మనవాడు తల ఊపాడు. ఎంత దయగల శత్రువులు!

చివరి విజిల్ పడేదాకా ఇంకో గోల్ లేదు. నీలం జట్టు గెలిచింది.

మనవాడు స్వెట్టరు సంచిలో కుక్కి, మైదానం వెనక క్యాంటీన్‌కి దాదాపు పరుగెత్తాడు.  తను అక్కడున్నాడు, అయినా గెలిచారు! ఇక శాపం లేదు, కాలు మంచిదే, కమ్మీ పక్కన చోటు తనదే. చెప్పాల్సిన మాట నాలుకచివర పెట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు.

లోపల కాలు పెట్టే సందు లేదు. టీ గ్లాసులు బల్లల మీద దరువేస్తున్నాయి. బొంగురు గొంతులు, చెమట, ఏడుపూ నవ్వూ ఒకే ముఖం మీద. పెద్ద పెద్ద మనుషులు ఒకరి నుదుటి మీద ఒకరు ముద్దులు పెట్టుకుంటున్నారు. డ్రైవరు కుర్చీ ఎక్కి పొడుగోడి గోల్ చేసి చూపిస్తున్నాడు. గాల్లోకి ఎగిరి, నడుం విల్లులా వంచి, తల విసిరి. అయిపోగానే జనం మళ్ళీ వెయ్యమంటారు, మళ్ళీ ఎగురుతాడు. వాళ్ళ చివర్నుంచి చూస్తే అది అలాగే కనపడింది మరి.

"వచ్చాడ్రోయ్!" అని బావమరిది అరిచాడు. "రానివాడు వచ్చాడు!"

క్యాంటీనంతా మనవాడి మీద విరుచుకుపడింది. ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. కుడికాలు పట్టుకుని ఒకడు ముద్దుపెట్టుకున్నాడు. "ఐరన్ లెగ్ రాలేదు, అందుకే మేం ఓడలేదు!" అని బల్లలు చరుస్తూ పాడారు. మందుల షాపాయన గొంతు సవరించుకుని, ఈ విజయం ఆడినవాళ్ళ కంటే రాకుండా ఉన్న ఒక మహానుభావుడికి ఎక్కువ చెందుతుందన్నాడు. జీవితంలో మొదటిసారి ఇంతమంది మనవాణ్ణి చూసి ఇంత సంతోషించారు. వాళ్ళ సంతోషమంతా మనవాడు లేనందుకు.

కిందికి దింపాక భార్య ఎదురొచ్చింది. గొంతు పూర్తిగా పోయింది, బుగ్గలు ఎర్రబడ్డాయి, కోటు నలిగి ముద్దయింది. ఆవిడ అంత అందంగా ఉండటం మనవాడు ఎన్నడూ చూడలేదు. "ఇంత బాగుంటుందని మీరెప్పుడూ చెప్పనేలేదే!" అంది.

ఏళ్ళ తరబడి చెప్పబోయింది అదే. 

"బావ పాసు ఇక అక్కకే" అని బావమరిది ప్రకటించాడు. "బావా, పాపం నువ్వు ఇంట్లో రేడియో పెట్టుకుందువుగాని." మళ్ళీ చప్పట్లు.

"నేను వచ్చాను" అన్నాడు మనవాడు.

"వచ్చావు, చూస్తున్నాంగా."

"ఇక్కడికి కాదు. ఆటకి. మొదట్నుంచి కాకపోయినా, గోల్ చూశాను. నేనుండగానే గెలిచాం."

నమ్మలేదు. వేళాకోళమాడారు. అప్పుడు మనవాడు, కమ్మీ పట్టుకున్నప్పటి గొంతుతో, కుర్చీ మీదున్న డ్రైవరు వైపు వేలు చూపించి అన్నాడు: "పొడుగోడు అలా ఎగరలేదు. వాడు అటు తిరిగి తగువాడుతున్నాడు. బంతే వచ్చి తల వెనక తగిలింది. ఎవరు కొట్టారా అని వెనక్కి తిరిగి చూశాడు కూడా!"

గోల మెల్లిగా అణగారింది. ఎవడో ఫోన్ తీసి ఆ గోల్ మళ్ళీ పెట్టి చూశాడు, పక్కవాడికి చూపించాడు, ఆ పక్కవాడు ఇంకొకడికి. డ్రైవరు కుర్చీ దిగాడు. వాళ్ళ సంబరంలో మొదటి చిల్లు పడింది, పొడిచింది మనవాడు. ఆ ముఖాలు చూసి తనేం చేశాడో అప్పటికి తెలిసింది.

"ఇంతగా నమ్మించి మాటిచ్చినవాడివి," అన్నాడు డ్రైవరు నెమ్మదిగా, "మమ్మల్నందర్నీ పణంగా పెట్టి లోపలికొచ్చావా? ఓడిపోయుంటే?"

"ఓడిపోలేదుగా! అదే నేను చెప్పేది. నా కాలుదేం లేదు."

ఇంతలో మందుల షాపాయన చెయ్యెత్తాడు. ముఖంలో ఏదో వెలుగు. "ఆగండి, ఆగండి. మీరు ఎక్కడ కూర్చున్నారు?"

"ఆ చివర."

"వాళ్ళ మధ్యా?"

మనవాడు సంచిలోంచి స్వెట్టరు తీసి చూపించాడు. సాక్ష్యం బలంగా ఉంటుందనుకున్నాడు.

"వాళ్ళ రంగు వేసుకుని, వాళ్ళ మధ్య కూర్చున్నారు," అన్నాడు మందుల షాపాయన, ఒక్కో మాటా తూచి. "వాళ్ళు ఓడిపోయారు."

 ఆ మాటకి లేచిన కేకలు మైదానంలో గోల్‌కి కూడా లేచి ఉండవు. బావమరిది మనవాడి మెడ చుట్టూ చేతులు వేసి వేలాడాడు. "బావా! నిన్ను ఇన్నాళ్ళూ తప్పు వైపు కూర్చోబెట్టాం బావా! నువ్వు మాకు శాపం కాదు, ఆయుధానివి!" మనవాణ్ణి మళ్ళీ భుజాలకెత్తారు, ఈసారి స్వెట్టరు బలవంతంగా తలలో దూర్చి. కింద నుంచి భార్య చప్పట్లు కొడుతోంది. మనవాడు దింపమని అరిచాడు. ఆ గోలలో ఆ అరుపు సంబరమే అనుకున్నారు.

ఆఖరి ఆట ఎర్ర జట్టు ఊళ్ళో. వాళ్ళూ మునిగేవాళ్ళే. గెలిస్తే వాళ్ళు తేలతారు, నీలం జట్టు దిగిపోతుంది. ఎవరూ గెలవకపోతే నీలం జట్టు తేలుతుంది. మనవాడు ఎర్ర గుంపులో కూర్చోవాలని తీర్మానమైంది. మందుల షాపాయన న్యాయం తప్పని మనిషి కాబట్టి ఒక షరతు పెట్టాడు. "మనం గట్టెక్కితే సిద్ధాంతం రుజువైనట్టే. ఇక ఎప్పుడూ మీ చోటు ఎదుటివాళ్ళ వైపే. ఓడిపోయామా, సిద్ధాంతం తప్పని అందరి ముందూ ఒప్పుకుంటాను. మీ కమ్మీ దగ్గర చోటు మీకిచ్చేస్తాం." అందరికీ సబబుగా తోచింది. ఆ షరతుతో ఒక మనిషిని ఎక్కడికి నెట్టారో ఆలోచించే ఓపిక అక్కడెవరికీ లేదు.

ఎర్ర మఫ్లర్ బావమరిదే కొన్నాడు. బయల్దేరేముందు భార్య దాన్ని మనవాడి మెడకి చుట్టి, ముడి సరిచేసి, "బుద్ధిగా కూర్చోండి, మళ్ళీ పిచ్చివేషాలు వెయ్యకండి" అంది. డ్రైవరు తన బస్సులో అందర్నీ తీసుకెళ్ళి, మైదానం ఇంకా దూరముండగానే మనవాణ్ణొక్కణ్ణీ దింపేశాడు. ఎర్ర మఫ్లర్ తమ బస్సు దిగుతున్నట్టు ఎవరైనా చూస్తే బాగుండదట.

ఆటలో గోల్ పడలేదు. మనవాడు ఎర్ర జనం మధ్య బుద్ధిగా కూర్చున్నాడు. పక్కన మాంసం కొట్టు నడిపే ఒక భారీ మనిషి, గోళ్ళు కొరుక్కుంటూ, ప్రతి తన్నుకీ మనవాడి మోకాలు పట్టుకుంటున్నాడు. ఆట ముగియబోతుండగా నీలం జట్టు గోల్ ముందు ఎవడో ఎవణ్ణో పడదోశాడు. రిఫరీ సున్నపు చుక్క వైపు చెయ్యి చూపించాడు. ఎర్ర జట్టుకి పెనాల్టీ.

ఎర్రవాళ్ళంతా లేచారు. మనవాడూ లేచాడు. ఎదురుగా ఆ చివర నీలం ముఖాలన్నీ చేతుల్లో దాక్కున్నాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ప్రేమించిన జట్టు అది. అది పడిపోవాలని మనవాడు ఆ క్షణాన కోరుకున్నాడు. ఆటగాళ్ళ ఏడుపు ముఖాలు, కింది డివిజన్‌లోని గడ్డి లేని మైదానాలు, అన్నీ కళ్ళముందే ఉన్నా కోరుకున్నాడు. కమ్మీ కావాలి. చోటు కావాలి. "వెయ్యి," అన్నాడు గొణుగుతూ. తర్వాత గట్టిగా, గొంతంతా తీసి, "వెయ్యరా! వెయ్యి!" కుడికాలు కింద సిమెంటుని పెడల్‌లా అదిమి పట్టింది. తీయాల్సిన చోటు ఆ కాలికి తెలుసు, తీయలేదు.

బంతి వెళ్ళింది. నీలం గోలీ పక్కకి దూకాడు. వేళ్ళచివర్లు తగిలాయి. బంతి పోస్టుని కొట్టుకుని బయటికి పోయింది.

విజిల్ పడేసరికి మనవాడు కూర్చుండిపోయి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు కానీ అంతలా ఎవరూ ఏడవడం లేదు. మాంసం కొట్టాయన తన ఏడుపు ఆపుకుని మరీ మనవాణ్ణి గుండెలకి హత్తుకున్నాడు. "ఊరుకో అన్నా. ఇంత ప్రేమ ఉన్నవాడు మన మొత్తం ఊళ్ళో లేడు. కింది డివిజన్ అయితేనేం, వచ్చే ఏడు కూడా ఇక్కడే కూర్చుందాం. ఈ చోటు నీది. ఎవడు అడిగినా ఇవ్వను."

ఎదురుగా నీలం గుంపు గంతులేస్తోంది. కమ్మీల మీదికెక్కి, ఇటు వైపు వేళ్ళు చూపిస్తూ, వందల గొంతులు ఒకే మాట పాడుతున్నాయి. ముందు వరసలో నలగని నీలం కోటు ఒకటి, పొద్దున్నే మనవాడు ఇస్త్రీ చేసినది.

"ఏమంటున్నారు వాళ్ళు?" అన్నాడు మాంసం కొట్టాయన, చెవి రిక్కించి. "ఐరన్ లెగ్గా? ఎవణ్ణి?"

మనవాడు అలవాటు ప్రకారం ముందు నవ్వేశాడు. ఎక్కడ గుచ్చుకుందో వెతుక్కోవలసిన పని ఈసారి పడలేదు.